చూడని ముఖానికి హామీ

అతను కౌంటరు అద్దం మీద ఒక ఫొటో పెట్టి, రెండు వేళ్లతో దాన్ని ఆమె వైపు జరిపాడు.

"ఈవిడ ఎక్కడుంది పిన్నీ?"

కళ్లజోళ్లావిడ చేతిలోని పట్టకారు దించలేదు. ఎవరో పెద్దాయన కళ్లజోడు సగంలో ఉంది. ముక్కు మీద ఆనే మెత్త ఒకటి ఊడి వచ్చింది. దాన్ని గూట్లో కూర్చోబెట్టి, మర బిగించి, రెండు మెత్తలూ ఒక ఎత్తులో ఉన్నాయో లేదో వెలుతురుకేసి పట్టి చూసి, పెద్దాయనకు ఇచ్చి పంపేసింది. అప్పుడు ఫొటో వైపు చూసింది.

కూతురే. అప్పు కాగితాల కోసం తీయించుకున్న ఫొటో, ఆపరేషనుకు ముందుది. కనుబొమల మధ్య నుంచి బయల్దేరి, నడుమ గూని తేలి, కొస కిందికి వంగిన ముక్కు. కళ్లజోళ్లావిడ ముఖం మీద ఉన్నదీ అచ్చం అదే.

"నాకు తెలియదు" అంది.

"తల్లి మీరు. మీకే తెలీకపోతే నాకెలా తెలుస్తుంది?"

"అసలు నువ్వెవరు? నేను నీకు పిన్నిని ఎప్పుడయ్యాను?"

"వరస కలిపి మాట్లాడమని మా ఆఫీసులో నేర్పారండీ. ఈడుదైతే అక్క, పెద్దావిడైతే పిన్ని. అరిచేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు తర్వాత వస్తారు. నేను కూర్చునేవాణ్ణి."

అన్నట్టే కూర్చున్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. చొక్కా ఇస్త్రీ మడత నలగలేదు. సంచీ ఒళ్లో పెట్టుకుని, బస్సు కోసం వచ్చినవాడిలా నిమ్మళంగా కాళ్లు చాపాడు.

బిల్లుల బల్ల దగ్గర నుంచి ఓనరు తలెత్తాడు. ఈ షాపు కొని ఇంకా ఏడాది కాలేదు. కళ్లజోళ్లావిడ మాత్రం అంతకు ముందు ఓనర్ల కాలం నుంచీ ఇదే స్టూలు మీద ఉంది.

"ఎవరక్కా?"

"మా అమ్మాయి ఆపరేషనుకు అప్పిచ్చినవాళ్లు."

"బాబూ, అది కళ్లు పరీక్ష చేయించుకునేవాళ్ల కుర్చీ."

"నావీ కళ్లే కదండీ" అన్నాడు వసూళ్లతను.

ఓనరు నవ్వాపుకుని మళ్లీ బిల్లులో పడ్డాడు. బిల్లు రాసేటప్పుడు మనిషి పేరూ ఫోన్ నంబరూ పైకి చదివి, తప్పు పోకుండా మళ్లీ చదవడం అతని అలవాటు. షాపులో ఉన్నవాళ్లందరికీ అందరి నంబర్లూ తెలిసిపోతాయి. అది విని వసూళ్లతను మెచ్చుకోలుగా తలాడించాడు.

"మీ ఓనరుగారు మా ఆఫీసులో ఉండాల్సిన మనిషి పిన్నీ."

ఆమె కౌంటరు తుడుస్తున్నట్టు ముందుకు వంగింది. "మొత్తం మానేసిందా కట్టడం?"

"పాత ఉద్యోగం మానేసింది, ఇల్లు మారింది, నంబరు మార్చింది. మాకు మిగిలింది మీరే. హామీ సంతకం మీది."

"ఆఫీసువాళ్ల బీమా ఉంది కదా అనుకుంది మొదట. ఊపిరాడకపోతే ఇస్తారట. పదిమందీ నవ్వితే ఇవ్వరట. అందానికి చేయించుకునేది బీమాలోకి రాదన్నారు. అందుకే మీ దగ్గరికి వచ్చింది."

"అందరూ అలాగే వస్తారండీ. బీమావాళ్ల తలుపు పక్కనే మా తలుపు." ఫొటో తీసి కళ్లకు జానెడు దూరంలో పెట్టుకుని, కనురెప్పలు చికిలించి చూశాడు. "చిక్కేమిటంటే, ఈ ఫొటోతో ఆవిణ్ణి వెతకలేను. ఈ ముఖం ఇప్పుడు లేదు. దాన్ని మార్చడానికి డబ్బిచ్చింది మేమే. కొత్త ముఖం ఫొటో ఉంటే ఇవ్వండి."

"నా దగ్గర లేదు."

"కట్టు విప్పినప్పుడు పక్కన లేరా?"

"లేను."

"తర్వాతైనా చూడలేదా?"

ఆమె తల అడ్డంగా ఆడించింది. అతను నమ్మనూ లేదు, నమ్మకపోనూ లేదు. ఇలాంటి జవాబులు రోజూ వినేవాడిలా ముఖం పెట్టాడు.

"జీతం రాగానే ఇచ్చేస్తాను. ప్రతి నెలా ఇస్తాను. దాని జోలికి వెళ్లకు" అందామె.

"మీ జీతంతో వడ్డీ దిగుతుంది పిన్నీ. మిగతాది దిగాలంటే ఆవిడ కావాలి."

"దొరికితే ఏం చేస్తావు?"

"ఏముంది, ఇదే. ఆవిడ పనిచేసే చోటికి వెళ్లి కూర్చుంటా. ఎందుకొచ్చావని అడిగినవాళ్లకి చెప్తా. అడక్కపోయినా చెప్తా. ఆ ముఖం మీద ముక్కు మా కంపెనీదండీ అని."

గొంతులో కోపం లేదు. అందుకే ఆమెకు మరీ భయం వేసింది.

సాయంత్రం బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని, ఎక్కే ప్రతి అమ్మాయి ముఖమూ చూసింది. ఇన్నేళ్లూ ముక్కులే ఆమె పని. చప్పిడివి, కొస తేలినవి, ఒక పక్కకు ఒరిగినవి. ఏ ముక్కు మీద ఏ ఫ్రేము జారుతుందో చూడగానే చెప్పేది. ఇప్పుడు తనకు తెలియని ప్రతి ముక్కూ కూతురిది కావచ్చు. ముందు సీట్లో ఒక అమ్మాయి పక్కకు తిరిగితే, ఆమె లేచి నిలబడబోయింది. ఆ అమ్మాయి జడ సర్దుకుని, ఈవిడ దిగుతుందేమోనని కాళ్లు జరిపి దారిచ్చింది. దిగవలసిన చోటు కాదు. అయినా దిగి, మిగిలిన దారంతా నడిచింది.

నడుస్తుంటే ఆస్పత్రి అప్పుల కౌంటరు గుర్తుకొచ్చింది. కాగితాలు చూసే గుమాస్తా తల్లినీ కూతురినీ మార్చి మార్చి చూసి, సరదాగానే అన్నాడు: "తల్లీకూతుళ్లని రుజువులేం అక్కర్లేదండీ. ముక్కులే సాక్ష్యం." గదిలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మెట్లు దిగేటప్పుడు కూతురు, "విన్నావుగా? ఇందుకే" అంది.

"అయితే నువ్వు తీయించేసుకునేది నా ముఖాన్నన్నమాట" అంది ఆమె.

ఆ మాట అనకుండా ఉండవలసింది. కూతురు రెయిలింగు పట్టుకుని ఆగి, "నిన్ను అద్దంలో చూసుకోలేక ఛస్తున్నానమ్మా" అని, బస్సు కోసం అటువైపు వెళ్లిపోయింది. అదే ఆఖరు. ఆమె ఇటువైపు బస్సెక్కింది. సంతకం మాత్రం అప్పటికే అయిపోయింది.

మర్నాడు షాపు షట్టరు ఎత్తేసరికే అతను గుమ్మంలో ఉన్నాడు. ఆమె మెత్తల డబ్బా, మరల డబ్బా, వేడి ఇసుక పెట్టె వరసగా సర్దుకుంది. ఇసుక పెట్టె స్విచ్చి వేస్తే, ఫ్రేము కాడలు అందులో గుచ్చి మెత్తబడ్డాక వంచుతారు. అతను అదంతా ఆసక్తిగా చూశాడు, కానీ ప్రతిదానికీ ముందుకు వంగి చూశాడు.

"దూరం ఆనదా నీకు?" అంది, అడగకూడదనుకుంటూనే.

"అందరికీ ఇంతే కనపడుతుంది అనుకున్నా ఇన్నాళ్లూ."

ఓనరు ఇది వదులుకునే రకం కాదు. "ఎలాగూ ఆ కుర్చీలోనే ఉన్నావు, పరీక్ష చేయించెయ్" అంటూ అద్దాల ఫ్రేము అతని ముఖానికి తగిలించి, గోడ మీది అక్షరాలు చదివించాడు. పెద్ద అక్షరం తర్వాతవన్నీ అతను ఊహించి చెప్పాడు.

"ఇన్నాళ్లూ మనుషుల్ని ఎలా పట్టుకున్నావయ్యా?" అన్నాడు ఓనరు.

"చెప్పానుగా, పట్టుకునేవాళ్లు వేరే. నేను కూర్చునేవాణ్ణి. ధర ఎంతండీ? వాయిదాల మీద ఇస్తారా?"

"ఇవ్వను. వాయిదాలంటే నీలాంటివాడు ఇంకొకడు వచ్చి కూర్చుంటాడు."

ముగ్గురూ నవ్వారు. నవ్వుతున్నానని తెలిసి కళ్లజోళ్లావిడ తల దించుకుంది.

ఫ్రేము ఎంచి అతని ముఖానికి పెట్టి చూసింది. "నాది చప్పిడి ముక్కు పిన్నీ, నిలవదేమో" అన్నాడు. ఆమె ఎంతోమందితో అన్న మాటే అతనితోనూ అంది: "తప్పు ముక్కుది కాదు, ఫ్రేముది. ముక్కును బట్టి మనం వంచుకోవాలి." ఇదే మాట కూతురికి చెప్తే, "అందరూ నీలాగ ఫ్రేములు వంచరమ్మా" అంది. ఆ రోజు ఆ పిల్ల బడి నుంచి వచ్చి, ముఖం కడుక్కోకుండా ఇదే కౌంటరు కింద దాక్కుని కూర్చుంది.

అతని చెవుల వెనక వేళ్లు పెట్టి కాడల కొలత చూసింది. మెడ మీద కందిన చోటుంది, ఎవరో చొక్కా కాలరు గట్టిగా పట్టి లాగినట్టు. అది చూసిందని అతనికి తెలిసింది. "అన్ని చోట్లా కుర్చీ వెయ్యరు పిన్నీ" అన్నాడు.

అద్దాలు మూడో రోజు వచ్చాయి. ఆమె కోసి, కూర్చి, తుడిచి, అతని ముఖానికి పెట్టింది. అతను షాపంతా ఒకసారి కలయజూశాడు. తర్వాత లేచి గుమ్మం దాకా వెళ్లి, ఎదుటి బోర్డులన్నీ చదవడం మొదలుపెట్టాడు. చెప్పులు బాగుచేయబడును. జిరాక్సు. ఇచ్చట లామినేషన్. బస్సు నంబర్లు, వాటి పక్కన ఊళ్ల పేర్లు.

"ఆ చెట్టుకు ఆకులు విడివిడిగా ఉన్నాయి పిన్నీ!"

తిరిగి వచ్చి సంచీలోంచి ఫొటో తీశాడు. ఈసారి చెయ్యి చాపి, దూరంగా పట్టి చూశాడు. ఫొటో, ఆమె ముఖం. ఫొటో, ఆమె ముఖం.

"అబ్బ. అచ్చు గుద్దినట్టుంది. ఇన్నాళ్లూ నాకు కనపడలేదు. కళ్లూ నుదురూ అవే ఉంటాయి కదా, ఎదురుపడితే పట్టేస్తా ఇప్పుడు."

ఆమె ఇసుక పెట్టె స్విచ్చి ఆపింది. అప్పుడే తలుపు గంట మోగింది.

లోపలికి వచ్చిన అమ్మాయికి మెడ దాకా కత్తిరించిన జుట్టు, బూడిద రంగు కోటు. ఎవరో కొత్త మనిషి. గుమ్మంలో కాస్త ఆగి, తిన్నగా కౌంటరు దగ్గరికి వచ్చి, చేతిరుమాలు విప్పి అందులోని కళ్లజోడు అద్దం మీద పెట్టింది.

కళ్లజోళ్లావిడ దాన్ని చేతిలోకి తీసుకుంది. ఎడమ కాడ, చెవి వెనక్కి దిగే చోట, మామూలు కంటే ముందే వంచి ఉంది. అది తన చేతి వంపు. ఎడమ చెవి పిసరంత పైకున్న పిల్ల కోసం, ఆ పిల్ల రెండో తరగతిలో ఉన్నప్పటి నుంచీ ప్రతి ఫ్రేముకూ తను వంచిన వంపు.

తలెత్తింది.

ముక్కు సన్నగా, తిన్నగా ఉంది. బాగుంది. ఆ మాట ఒప్పుకోవడానికి ఆమెకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. దానికి రెండు పక్కలా కళ్లు మాత్రం పాతవే, ఏదో అడగడానికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డవాటిలా ఉన్నాయి. ఆ అమ్మాయి నోరు తెరుచుకుంది. ఆ నోటి నుంచి రాబోయే మాట ఆమెకు తెలుసు. రెండడుగుల దూరంలో అతను కొత్త అద్దాల్లోంచి చూస్తున్నాడు.

"మాట్లాడకండి మేడమ్" అంది. "కొలత తీసేటప్పుడు మాట్లాడితే ముఖం కదులుతుంది."

అమ్మాయి నోరు అలాగే ఉండిపోయింది.

వసూళ్లతను గబుక్కున లేచాడు. "ఇలా కూర్చోండి మేడమ్, ఈ కుర్చీ మీలాంటివాళ్లదే."

అమ్మాయి కూర్చుంది. కళ్లజోళ్లావిడ మోచేతిని కౌంటరుకు ఆనించి, కొలబద్ద కళ్ల ముందు పెట్టింది.

"ఎక్కడ బిగించినా నొప్పెడుతోంది. దీని మీద బరువు పడకూడదన్నారు" అని, అమ్మాయి గొంతు తగ్గించి, "ఇంతకుముందు... మీరే చేసిచ్చేవారు" అంది.

"రోజుకు ఎంతోమందికి చేస్తుంటానమ్మా. అందరూ గుర్తుండరు."

ఆ మాట పడిన చోటు ఆమెకు కనపడింది. కొత్త ముక్కు కదలలేదు. కింది పెదవి మాత్రం లోపలికి పోయింది. చిన్నప్పుడూ అంతే.

"కళ్లల్లో నీళ్లొస్తున్నాయండీ మేడమ్‌కి. ఆ లైటు కాస్త తిప్పండి పిన్నీ" అన్నాడు వసూళ్లతను.

ఆమె లైటు తిప్పింది. "ఈ ఫ్రేము ఇక మీకు కుదరదు. తేలికది ఇస్తాను. మీ పవరు అద్దాలు ఉన్నాయి, కోసి పెట్టేస్తాను. కూర్చోండి" అంటూ లోపలి గదిలోకి నడిచింది. లోపల యంత్రం ఉంది, చిత్తు కాగితాలున్నాయి, కలముంది. ఒక్క ముక్క రాసి కళ్లజోడు పెట్టెలో పడేస్తే చాలు. కాగితం మీద చెయ్యి వేసింది.

"నేనూ చూస్తా పిన్నీ. ఇవాళ ఏది చూసినా చూడబుద్ధేస్తోంది" అంటూ అతను వెనకే వచ్చి భుజం దగ్గర నిలబడ్డాడు.

ఆమె కాగితంతో అద్దం తుడిచి బుట్టలో వేసింది. యంత్రం తిరగడం మొదలైంది. రాలుతున్న తెల్లని పొడి మీద నీళ్లు పడుతున్నాయి. ఆ చప్పుడులోనే ఓనరు గొంతు వినపడింది:

"పేరూ ఫోన్ నంబరూ చెప్పండమ్మా."

"ఆ బిల్లు నేను రాస్తాను!" ఓనరు మీద ఆమె అరిచిన అరుపుకు పక్కనున్న వసూళ్లతను ఉలిక్కిపడ్డాడు. "నువ్వు రాయకు. ఫ్రేము ధర నీకు తెలియదు."

"నంబరైనా—"

"నంబరు అక్కర్లేదు."

కోసిన అద్దాలు ఫ్రేములో కూర్చి తెచ్చింది. డబ్బాలో ఉన్నవాటిలో అన్నిటికంటే మెత్తనివి ఏరి బిగించింది. ఇసుక పెట్టె స్విచ్చి మళ్లీ వేసి, ఎడమ కాడ అందులో గుచ్చి, తీసి, కొలవకుండా వంచింది. ఆ సంగతి ఆ పిల్ల పట్టుకుంటుందేమోనని ఒక ఆశ. కానీ అమ్మాయి బయట రోడ్డు వైపు చూస్తోంది. రెండు చేతులతో కళ్లజోడు ముఖానికి పెట్టినప్పుడు, ఆమె చూపుడువేలు ఆ ముక్కు పక్కన తగిలింది. చర్మం వెచ్చగా ఉంది.

"నొప్పా?"

"లేదండీ."

చెప్పిన డబ్బు కౌంటరు మీద పెట్టి అమ్మాయి లేచింది. "పాతది?" అంది కళ్లజోళ్లావిడ.

"ఉంచెయ్యండి. నాకెందుకు." గుమ్మం దాకా వెళ్లి ఆగింది. వెనక్కి తిరుగుతుందనే అనిపించింది. తలుపు లాగేదో తోసేదో తెలియక ఆగిందంతే. గంట మోగింది. బూడిద రంగు కోటు చెప్పుల కొట్టు దాటి, జిరాక్సు షాపు దాటి, బస్సుల కోసం నిలబడ్డవాళ్లలో కలిసిపోయింది.

వసూళ్లతను గుమ్మంలోంచి చూస్తున్నాడు. ఇప్పుడు అతనికి ఎంత దూరమైనా కనపడుతుంది.

"చూశారా పిన్నీ ఆ ముక్కు? గీసినట్టుంది. అలాంటి దాని కోసమే కదా మీ అమ్మాయి అంత అప్పు చేసింది. తప్పులేదండీ, నేనైనా చేస్తాను." వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. "తెలిసినావిడా?"

"ఎవరో" అంది.

బిల్లు పుస్తకం ముందుకు లాక్కుంది. పేరు ఉండవలసిన చోట నోటికొచ్చిన పేరేదో రాసింది. నంబరు గడి దగ్గర కలం ఆగింది. ఆ పుస్తకమూ కలమూ ఆ పిల్ల ముందుకే జరిపి, మీరే రాయండి మేడమ్ అంటే సరిపోయేది. పైకి ఒక్క అంకె వినపడేది కాదు, నంబరు తన దగ్గర మిగిలేది. ఆ ఆలోచన ఇప్పుడు వచ్చింది.

లేచి గుమ్మం దాకా వెళ్లింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు లేరు. బస్సు వెళ్లిపోయింది.

"ఏమైంది పిన్నీ?"

"ఏం లేదు. జీతం ఎల్లుండి వస్తుంది. రేపు రానక్కర్లేదు నువ్వు."

"వస్తానండీ. ఇక్కడైతే కుర్చీ ఉంది."

ఆమె స్టూలు మీదికి తిరిగి వచ్చి, కౌంటరు మీద మిగిలిన పాత కళ్లజోడు తీసుకుంది. మెత్తలకు ఆకుపచ్చగా చిలుం పట్టింది. పట్టకారుతో గీరి, గుడ్డతో తుడిచింది. చేయడానికి ఇంకేం లేక ముఖానికి పెట్టుకుంది. ఆ గూని మీద, తన కోసమే వంచినట్టు, జారకుండా నొక్కకుండా చక్కగా కూర్చుంది. పవరు ఆమెది కాదు. వీధీ, బోర్డులూ, ఎదురుగా కుర్చీలోని మనిషీ అన్నీ అలుక్కుపోయాయి. తీసెయ్యకుండా అలాగే కూర్చుంది.